పేరు పిలిస్తే పలికే వీధి

రంగం దిగాం

మా శ్రీకాకుళం జిల్లాలో వెనకటికి ఎవరైనా నాలుగు నెలలు కంటికి కనబడకపోతే "రంగం పోయుంటాడు" అనేవారట. రంగం అంటే రంగూన్. ఇప్పుడు యాంగాన్ అంటున్నారు. మా ఆవిడ రమణమ్మ తాతగారి తమ్ముడు కూడా అలాగే కళింగపట్నంలో ఓడెక్కి రంగం పోయాడు. అక్కడి రేవులో బస్తాలు మోసి, అక్కడే పిల్లల్ని కని, అక్కడే కాలం చేశాడు. ఆయన మనవడు సింహాచలం కిందటేడు చుట్టాల్ని వెతుక్కుంటూ టెక్కలి వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులున్నాడు. వెళ్ళేటప్పుడు "మా అమ్మోరి పండక్కి మీరిద్దరూ రావల్సిందే బావా" అని చేతిలో చెయ్యి వేయించుకుని మరీ కదిలాడు.

నా గురించి ఒక ముక్క చెప్పాలి. నాది మైకు సెట్టు వ్యాపారం. టెక్కలి చుట్టుపక్కల ఏ జాతరలో మీ చెవులు హోరెత్తినా అది నా చలవే. అందుకని చుట్టాలకి బట్టలూ మిఠాయిలూ మా ఆవిడ సర్దితే, నేను మాత్రం ఒక చిన్న స్పీకరు బాక్సు సర్దుకున్నాను. "పరాయి దేశం పోతూ కూడా ఆ డబ్బా ఒగ్గవా?" అని మా ఆవిడ విమానం ఎక్కేదాకా సణుగుతూనే ఉంది.

అక్కడ బళ్ళు మనకి ఎదురు, రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి. కానీ కార్లకి స్టీరింగ్ కూడా కుడివైపే. అంటే డ్రైవరు పక్కన కూర్చున్నవాడు నేరుగా నడిరోడ్డు మీదకి దిగాలి. ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. టాక్సీ తలుపు తీసి కాలు పెట్టానో లేదో, బస్సు ఒకటి నా పంచెని రాసుకుంటూ పోయింది. మా ఆవిడ వేసిన కేకకి వీధి వీధంతా బాల్కనీల్లోకి వచ్చింది. మింగళ తౌంగ్‌న్యున్‌లో నా పరిచయం అలా జరిగింది.

రైలు స్టేషనుకి దగ్గర పేట అది. సన్నటి పొడుగాటి మేడలు. ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది, చివర ఒక క్లిప్పు. కింద పేపరువాడు తాడు లాగితే పైన గంట మోగుతుంది, పేపరు క్లిప్పుకి తగిలిస్తే పైకి వెళ్ళిపోతుంది. మా ఆవిడ అరగంట సేపు ఆ తాళ్ళనే చూస్తూ నిలబడిపోయింది.

ఇంట్లో సింహాచలం, వాళ్ళమ్మ నరసమ్మ, కూతురు ఈశ్వరి. ఈశ్వరి తల్లి లేని పిల్ల, ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది. నరసమ్మని ఇరుగుపొరుగు బర్మా వాళ్ళు "డా నరసమ్మ" అంటారు, అక్కడ పెద్దావిడల్ని అలాగే పిలవాలి. నాకు అత్తగారి వరస. బుగ్గలకి చందనంలాంటి తనకా పూసుకుని, మన నేతచీర కట్టుకుని, నన్ను ఎగాదిగా చూసి "బస్సు కిందడబోయిన అల్లుడివి నువ్వేనా?" అంది. ఆవిడ మంచం పైన గోడకి, గుడ్డ చుట్టి, ఒక జముకు వేలాడుతోంది. జముకు అంటే మన జముకుల కథ వాళ్ళది. కుండకి తోలు బిగించి, మధ్యలోంచి లాగిన తంతిని మీటుతుంటే గుమ్ము గుమ్ముమని మోగుతుంది. మా వైపు ఇప్పుడు అది వినాలంటే గగనం.

"ఈ ఏడు పండగుంటాది గానీ పేర్లుండవు బావా," అన్నాడు సింహాచలం భోజనాల దగ్గర, వాళ్ళమ్మకి వినబడకుండా.

"పేర్లేటి?"

అప్పుడు చెప్పాడు. పండగ ఆఖరి రోజు అమ్మవారిని సాగనంపే ముందు నరసమ్మ జముకు పట్టుకుని కథ చెబుతుంది. కథ చివర, ఆ పేటలోని తెలుగు ఇళ్ళకి మొదట ఓడెక్కి వచ్చిన మనిషి ఎవరో, ఎవరి కొడుకో, ఏ రేవులో ఎక్కాడో ఒక్కొక్కటీ పాడి, "ఇంటోరున్నారా?" అని పిలుస్తుంది. ఆ ఇంటివాళ్ళు "ఉన్నాం" అని పలకాలి. ఇల్లు ఖాళీ అయిపోయి, వాళ్ళు ఏ దేశమో పోయుంటే, పక్కన వంత పాడే మనిషి వాళ్ళ బదులు "ఉన్నారు" అని, ఎక్కడున్నారో చెప్పాలి. పిలిచిన పేరు ఊరకే గాలిలో పోకూడదు. పోతే ఆ ఇల్లు మరి లేనట్టే. ఇదీ వాళ్ళ ఆచారం.

ఇన్నేళ్ళూ వంత పాడింది నరసమ్మ చెల్లెలు సూరమ్మ. కిందటి పండగ అయిన కొన్నాళ్ళకే ఆవిడ పోయింది. "ఇప్పుడు మా పేటలో ఇళ్ళు సగం కాళీ. కుర్రోళ్ళంతా ఎల్లిపోనారు. నాను పిలిస్తే పలికినోళ్ళు లేపోతే నా నోరు పడిపోద్దిరా అంటాది మాయమ్మ. ఒక ఏడు ఆగితే ఇంక ఆగిపోనట్టే బావా." సింహాచలం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ముద్దు చప్పుడు

మర్నాడు పొద్దున్న ఈశ్వరి మమ్మల్ని టీ కొట్టుకి తీసుకెళ్ళింది. మన పిల్లలు చదువుకునే పీటల కంటే చిన్న స్టూళ్ళు. వాటి మీద పెద్ద పెద్ద మనుషులు. పొద్దున్నే అక్కడ అందరూ తినేది మొహింగా. బియ్యపు సేవ మీద చిక్కటి చేపల పులుసు, అందులో అరటి బోదె ముక్కలు, పైన కరకరలాడే పకోడీ, నిమ్మకాయ పిండుకోవాలి. గిన్నె మూడు వేల చాట్లు అంటే గుండె ఆగినంత పనైంది గానీ, వాళ్ళ డబ్బు లెక్కే అంత. డబ్బిచ్చేటప్పుడు ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని ఇస్తారు. ఆ మర్యాద నాకు తెగ నచ్చింది.

నచ్చనిది ఒకటుంది. కొట్టులో పనివాళ్ళని పిలవడానికి పెదాలు బిగించి ముద్దు పెట్టినట్టు చప్పుడు చేస్తారు. పక్క బల్ల దగ్గర ముసలాయన అలా చేస్తే మా ఆవిడ కొంగు సర్దుకుని "ఓలమ్మా, ఈడికేటి పోయేకాలం?" అంది. సంగతి తెలిశాక నేనూ ప్రయత్నించాను. టీ రాలేదు గానీ, మా ఆవిడ మోచెయ్యి డొక్కలోకి వచ్చింది.

అక్కడే లామిన్ కలిశాడు. ఆఫ్రికాలో గాంబియా అనే చిన్న దేశం అతనిది. ఫుట్‌బాల్ ఆడటానికి ఇక్కడికి వచ్చి, మోకాలు దెబ్బతిని, ఇప్పుడు ఈశ్వరి స్కూల్లోనే పిల్లలకి ఆట నేర్పుతున్నాడు. లుంగీలాంటి బర్మా లాంజీ కట్టి, ఆ చిన్న స్టూలు మీద మోకాళ్ళు చెవుల్దాకా వచ్చేలా కూర్చున్నాడు. ఈశ్వరి అతన్ని బర్మా పద్ధతిలో "కో లామిన్" అంటుంది. వాళ్ళిద్దరికీ స్నేహం కలిపింది ర్యాప్. ఈశ్వరి బర్మా భాషలో ర్యాప్ చెబుతుంది, ఫోనులో పెట్టి వినిపించింది కూడా.

"ఇది పాటేటే? కుళాయి కాడ దెబ్బలాటలాగుంది," అన్నాను. మైకు సెట్టువాడికి రాగం లేని పాటంటే ఒళ్ళు మంట.

ఈశ్వరి తెలుగు మెల్లగా, మాట మాటకీ వెతుక్కుంటూ వస్తుంది. "మావయ్యా, మామ్మ కూడా... పాడదు కదా. తాళం మీద మాట చెప్తాది. సేమ్ కదా?" అని, నా మాట లామిన్‌కి ఇంగ్లీషులో చెప్పేసింది. వద్దే అనేలోపే చెప్పేసింది. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. చిన్నప్పుడు తన తండ్రి మాటలు గోడవతల విన్న కొత్తవాళ్ళు కూడా ఈ ఇంట్లో ఎవరో కొట్టుకుంటున్నారనే అనుకునేవారట.

నది మీద విన్నది

జముకు కుండ పాతబడిందని, కొత్తది తెస్తే మామ్మకి ఆశ పుడుతుందేమోనని ఈశ్వరి ఆలోచన. కుండలకి నది అవతలి ట్వంటే ఊరు పెట్టింది పేరు. నలుగురం పడవెక్కి నది దాటాం. నా ఇంగ్లీషు ఆంప్లిఫయరు మీద ఉండే అక్షరాల వరకే కాబట్టి లామిన్ చెప్పింది ఈశ్వరి తెలుగు చేస్తూ వచ్చింది.

అతని జాతిలో కొన్ని ఇళ్ళవాళ్ళకి చెప్పడమే పని. వాళ్ళ భాషలో వాళ్ళని జాలి అంటారు. రాజుల పుట్టుకలూ, యుద్ధాలూ, ఎవరి తాతకి తాత ఎవరో అంతా నోటికే. కోరా అనే తంతివాద్యం మోగుతుంటే దాని మీద మాటని పరుగెత్తిస్తారు. ఒకడు చెబుతుంటే పక్కవాడు మాట మాటకీ "నాము" అనాలి. అవును, విన్నాను, నిజం అని దానర్థం. నాము అనేవాడు లేకపోతే కథ మొదలవదు. లామిన్ తండ్రి జాలి. నాము అనేది అతని బాబాయి.

"తరవాత ఓడలు వచ్చాయి," అన్నాడు. గొలుసులు వేసి మనుషుల్ని సముద్రం అవతలికి పట్టుకుపోయారు. అక్కడ ముందుగా లాక్కున్నది వాళ్ళ పేర్లని. కొన్నిచోట్ల డప్పు కూడా ముట్టనివ్వలేదు. అప్పుడు చేతులే డప్పు, పాదాలే డప్పు, నోరే అన్నీ. చేలల్లో ఒకడు పిలిస్తే పదిమంది పలికేవారు. చర్చిల్లో పాస్టరు ఒక మాటంటే జనం బదులు చెప్పేవారు. వీధుల్లో కుర్రాళ్ళు ఒకర్నొకరు ప్రాస కలిపి తిట్టుకునే ఆట ఆడేవారు. అక్కడికి దగ్గర దీవుల్లో కొందరు వీధిలో పెద్ద పెద్ద బాక్సులు పేర్చి, రికార్డు పెట్టి, దాని మీద మైకులో మాటలు కలిపేవారు. ఆ దీవుల నుంచి వలస పోయినవాళ్ళ వల్ల ఆ పద్ధతి న్యూయార్కు పేదల వాడకి వచ్చింది. వీధి దీపం స్తంభం నుంచి కరెంటు లాగి బాక్సులు మోగించారు. ర్యాప్ అక్కడ పుట్టింది.

"స్తంభం నుంచి కరెంటా!" అని నేను లేచి నిలబడ్డాను. పడవ ఊగింది. "ఓర్నాయనో, అది మా పనే కదా! మైకు సెట్టోళ్ళా పుట్టించింది!"

"కూకో, ముంచీగల్వు," అని మా ఆవిడ చొక్కా పట్టుకు లాగింది.

కూర్చున్నాను గానీ, మనసు కూర్చోలేదు. నేను దెబ్బలాట అన్న ఆ పాట వెనక ఇంత సముద్రం ఉందా! లామిన్ మాత్రం గొప్పలు పోలేదు. "అంతా మా ఇంటి నుంచే పోయిందని నేను అనను. మధ్యలో చాలామంది కష్టం కలిసింది. కానీ మంచి ర్యాప్ వింటే ఆ మాట నడకలో నాకు మా నాన్న వినబడతాడు," అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "మేము ఎదుటివాళ్ళ పేర్లు పిలిచేవాళ్ళం. నేను ఈ ఊరు వచ్చాక మా నాన్న పేరు పిలిచిన నోరు ఒక్కటి లేదు."

మా ఆవిడ అతని చేతిలో ఒక సున్నుండ పెట్టింది. ఆవిడకి తెలిసిన ఓదార్పు అదే. ఈ నది మీదుగానే మా వాళ్ళు కూడా వచ్చారు. గొలుసులతో కాదు, కూలీల్ని ఓడెక్కించే మేస్త్రీకి తాకట్టుపడి వచ్చారు, రెండూ ఒకటని నేను అనను. కానీ దిగినప్పుడు వాళ్ళ దగ్గర ఉన్నది కూడా ఒక నోరూ కొన్ని పేర్లే.

ట్వంటేలో కుండలు ఒక్కొక్కటీ వేలితో కొట్టి చెవి పెట్టి విన్నాను. మరీ గట్టిగా కొట్టి ఒకటి పగలగొట్టాను కూడా. కుమ్మరావిడ పగలబడి నవ్వి, దాని డబ్బు తీసుకోలేదు.

పెట్టకూడని గొంతు

ఆ సాయంత్రం జరిగినదాంట్లో నా చెయ్యి కూడా ఉంది. ఈశ్వరి దగ్గర కిందటి పండగ రికార్డింగు ఉంది. అందులో సూరమ్మ "ఉన్నారు... ఉన్నారు..." అన్న వంతని కత్తిరించి, మళ్ళీ మళ్ళీ వచ్చేలా అతికించి, కింద తాళం పెట్టింది. ర్యాప్‌లో పాత పాట ముక్క తెచ్చి కొత్తదాంట్లో అతకడం మామూలేనట. "మామ్మకి వంత దొరికినట్టే కదా మావయ్యా," అంది ఆశగా. నాకూ అద్భుతంగా తోచింది. హోరు తీసేసి, గొంతు పైకి తెచ్చి, నా బాక్సుకి తగిలించాను. ఇల్లంతా సూరమ్మ పలికింది.

వంటింట్లో గిన్నె పడిన చప్పుడు. నరసమ్మ గుమ్మంలోకి వచ్చింది. "సూరీ?" అంది. ఒక్క క్షణం ఆ మొహం వెలిగి, బాక్సుని చూసి, ఆరిపోయింది.

"ఆపండి," అంది. "సచ్చిపోనదాన్ని అట్టుకొచ్చి లేనోళ్ళకి సాచ్చికం సెప్పిత్తార్రా? అదే లేదు. దాని బదులెవుడు పలుకుతాడు?"

ఈశ్వరి ఏడ్చింది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. కొత్త కుండని ఎవరూ విప్పలేదు. పేర్లు పిలిచే రోజుకి ఇంకా మూడు రోజులే ఉంది.

ఛాతీని చూసేవాడు

సంగతి విని లామిన్ మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. నరసమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఈశ్వరి ద్వారా ఒక్కటే అడిగాడు: "ఏదైనా చెప్పమనండి. ఏదైనా సరే."

"నానేటి సెప్తాను? నానొల్లను," అంది ఆవిడ.

"నాము," అన్నాడు లామిన్.

ఆవిడ కళ్ళు చిన్నవి చేసింది. "పొద్దున్న సేపలు తెచ్చినాను."

"నాము."

"సింవాచెలం కొడుకులాంటోడు గాదు, తిండిపోతు."

"నాము."

"ముక్కలన్నీ ఆడే తినీసినాడు, నాకు పులుసు మిగిలింది."

"నాము!"

ఒక్క తెలుగు ముక్క రాదు అతనికి. అయినా ఒక్కచోట తొందరపడలేదు, ఒక్కచోట ఆలస్యం కాలేదు. నరసమ్మకి పంతం వచ్చింది. గబగబా చెప్పింది, మధ్యలో ఆగింది, సాగదీసింది, అతన్ని పడగొట్టాలని అన్ని ఎత్తులూ వేసింది. లామిన్ కళ్ళు మాత్రం ఆవిడ మెడ కిందనే, ఊపిరి దగ్గరే ఉన్నాయి. నా జన్మలో ఎన్ని బాక్సులు కలిపినా ఇంత సరిగ్గా ఏ రెండూ కలవలేదు.

ఉన్నట్టుండి నరసమ్మ తొడ చరుచుకుని నవ్వింది. ఏడాది తరవాత నవ్విందట. "ఓలి గుంటా, సూసినావా? ఈడికి మన బాస రాదు. నా ఊపిరి సూస్తన్నాడు. నువ్వేమో పోను సూస్తావు. మిషనుకి ఊపిరుంటాదేటే?"

ఈశ్వరి ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బా మీద పెట్టి వచ్చి, లామిన్ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "మామ్మా, నానుంటాను వంత. తెలుగు తక్కువొస్తాది. తప్పులొస్తాయి. తిట్టు."

"తిడతాను," అంది నరసమ్మ. లేచి వెళ్ళి పెట్టె తీసి, సూరమ్మ వంత పాడేటప్పుడు కట్టుకునే గజ్జెలు తెచ్చి మనవరాలి ఒళ్ళో వేసింది. తరవాత నా వైపు తిరిగి "అల్లుడూ, ఆ కుండకి తోలు బిగించడమొచ్చా, బద్దలుగొట్టడవే వొచ్చా?" అంది. ఆ తిట్టు నాకు సన్మానంలా ఉంది. మర్నాడంతా తోలు బిగిస్తూనే గడిపాను, పక్క గదిలో ఈశ్వరి తిట్లు తింటూ గడిపింది.

ఉన్నాం

చీకటి పడేలోపు అంతా ముగించాలి, రాత్రుళ్ళు జనం గుమిగూడితే సైనికులు ఊరుకోని రోజులవి. కాబట్టి మధ్యాహ్నం ఎండలోనే వీధి మొత్తం అమ్మవారి కోవెల ముందు కూర్చుంది. నేను మైకు పెట్టాను. కథ మొదలయ్యేసరికి కరెంటు పోయింది, అక్కడ అది రోజూ ఉండేదే. జనరేటరు కోసం పరుగెత్తబోతే నరసమ్మ "ఒగ్గీ అల్లుడూ" అంది. ఒగ్గేశాను.

జముకు గుమ్మంది. అమ్మవారి కథ అయింది. పేర్లు మొదలయ్యాయి.

"కళింగపట్నం రేవు కాడ ఓడెక్కినాడు
కన్నతల్లి కట్టిచ్చిన సద్ది మూటతో
గురయ్య కొడుకు సిమ్మయ్య రంగం దిగినాడు
సిమ్మయ్య ఇంటోరున్నారా?"

సిమ్మయ్య అంటే మా ఆవిడ తాతగారి తమ్ముడే, అది మా ఇల్లే. "ఉన్నాం!" అన్నాడు సింహాచలం. నా పక్కన మా ఆవిడ కూడా గట్టిగా "ఉన్నాం!" అంది, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

తరవాతి ఇల్లు పలికింది. ఆ తరవాతిదీ పలికింది. నాలుగో పేరు పిలిచింది. ఎవరూ పలకలేదు. నరసమ్మ వేలు తంతి మీద ఆగింది. "నాము," అన్నాడు లామిన్ మెల్లగా, ఈశ్వరికి మాత్రం వినబడేలా. ఈశ్వరి కాలు కదిలింది, గజ్జె మోగింది.

"ఉన్నారు ఉన్నారు, బేంకాకులో ఉన్నారు
పగలంతా మిషను మీద, రాత్రంతా పోను మీద
రేపొస్తాం మాపొస్తాం అంటానే ఉన్నారు!"

సూరమ్మ ఇలా చెప్పేది కాదట. ఒక్క ముక్కలో తేల్చేసేదట. ఈ పిల్ల తాళం మీద మాటని పరుగెత్తించింది. తెలుగు చాలనిచోట బర్మా మాట వేసింది, రెంటికీ ప్రాస కలిపింది. జనం హో అన్నారు. ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. నరసమ్మ మనవరాలిని ఒక్కసారి చూసి, "ఊఁ" అని, తరవాతి పేరు పిలిచింది. మలేషియాలో ఉన్నవాళ్ళు, సింగపూరులో ఉన్నవాళ్ళు, ఎక్కడున్నారో తెలియనివాళ్ళు కూడా ఆ పిల్ల నోట ఉన్నారు. నది మీద విన్న కథంతా నా కళ్ళ ముందు నడుస్తోంది. చేల్లో పిలిచిన పిలుపూ, వీధిలోని బాక్సుల మీద మాటా, ఈ ముసలావిడా, ఈ పిల్లా అన్నీ ఒక్క గొంతులో వినబడుతుంటే నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

పేర్లయిపోయాయి. జనం లేవబోయారు. నరసమ్మ జముకు దించలేదు. ఈశ్వరిని దగ్గరికి పిలిచి చెవిలో ఏదో అడిగింది. ఈశ్వరి చెప్పింది. లామిన్ తండ్రి పేరు నాకు ఎన్నిసార్లు చెప్పినా నోరు తిరగలేదు, ఆవిడకి ఒక్కసారికే తిరిగింది.

"ఏడు సంద్రాలవతల ఏరొడ్డు ఊరు
ఎదటోళ్ళ పేర్లన్నీ పిలిసినోడాడు
బాకరీ కొడుకు లామిను రంగం దిగినాడు
బాకరీ ఇంటోరున్నారా?"

లామిన్‌కి తన పేరూ, తండ్రి పేరూ మాత్రమే అర్థమయ్యాయి. నోరు తెరిచాడు, మాట రాలేదు. వంత చెప్పవలసిన ఈశ్వరి కూడా ఏడుస్తోంది. పిలిచిన పేరు గాలిలో పోతుందేమోనని నేను బిగుసుకుపోయాను. అప్పుడు వీధి పలికింది. పిల్లలూ, ముసలివాళ్ళూ, సింహాచలం, మా ఆవిడ, నేను, అందరం "ఉన్నాం!" అన్నాం.

నరసమ్మ తృప్తి పడలేదు. అతనికి ఊపిరి అందేదాకా, అతని ఛాతీనే చూస్తూ ఆగింది. ఆగి, రెండోసారి పిలిచింది.

"బాకరీ ఇంటోరున్నారా?"

ఆ వీధిలో బాకరీ ఇంటి మనిషి ఒక్కడే. లేచి నిలబడి, "ఉన్నాం" అన్నాడు.